ముగ్గురు ఒప్పుకున్న శ్రుతి

వీణ వాయించేవారు కచేరీకి ముందు బిరడలు తిప్పి తమ శ్రుతి తామే చూసుకుంటారు. వయొలిన్ విద్వాంసులూ అంతే. మృదంగం వాయించేవారు రాయి పట్టుకుని తమ వాద్యాన్ని తామే సరిచేసుకుంటారు. పియానో విషయంలో ఆ వెసులుబాటు లేదు. 88 మెట్లు, సుమారు 230 ఉక్కు తీగలు, అవన్నీ కలిసి లోపలి ఇనుప చట్రం మీద మోపే లాగుడు 18 టన్నుల పైమాటే. ఎంత గొప్ప కళాకారుడైనా వేదిక ఎక్కే సమయానికి ఆ శ్రుతి ఇంకొకరి చేతుల్లో పూర్తయిపోయి ఉంటుంది. అంటే పియానో సంగీతమంతా శ్రోతలకు కనిపించని ఒక మనిషి చెవిని నమ్ముకుని సాగుతోంది. మరి ఆ చెవి సరైనదని చెప్పేదెవరు? వాయించేవారు బాగుందనో లేదనో చెప్పగలరు. ఎక్కడ ఏం తప్పిందో చాలామంది చెప్పలేరు. ఇంట్లో పియానో ఉన్నవారికి ఆ మాత్రమూ తెలియకపోవచ్చు. పైగా ట్యూనర్ ఒంటరిగా ఇల్లిల్లూ, హాలు హాలూ తిరిగే మనిషి, తోటివాడి పని పక్కన నిలబడి వినే అవకాశం ఏడాది పొడుగునా దొరకదు. అమెరికాలో పియానో టెక్నీషియన్స్ గిల్డ్ ఏటా జరిపే మహాసభను ఈ ప్రశ్నకు ఆ వృత్తి వెతుక్కున్న జవాబుగా చూడాలని నా వాదన. వృత్తి సంఘాల సభలు ఎన్నో ఉంటాయి, చాలావాటిలో ఉపన్యాసాలూ భోజనాలూ మిగులుతాయి. ఈ సభలో మాత్రం వృత్తికి కావలసిన కొలబద్దే తయారవుతుంది.

ఈ గిల్డ్ 1957లో పుట్టింది. అంతకుముందు అమెరికా పియానో పనివారికి రెండు వేర్వేరు సంఘాలుండేవి, ఆ ఏడాది అవి ఒకటయ్యాయి. కేంద్ర కార్యాలయం కాన్సస్ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో ఉంది. మహాసభ మాత్రం ఏటేటా ఊరు మారుతుంది. ఏదో ఒక పెద్ద హోటల్లో కొన్ని రోజులు నడుస్తుంది, ఆ కొన్నాళ్లూ సమావేశపు గదుల్లోకి పియానోలు చేరతాయి. ఒక గదిలో తెగిన తీగకు ముడి వేసి మళ్లీ వాడుకోవడం నేర్పుతుంటే, పక్క గదిలో సుత్తుల ఫెల్టును సూదులతో పొడిచి ధ్వనిని మెత్తబరచడం చూపిస్తుంటారు. ఇంకో చోట ఒక్కరికి ఒక్కరే గురువుగా శ్రుతి పాఠం జరుగుతుంటుంది. తయారీ సంస్థలు, పనిముట్లు అమ్మేవారు తమ సరుకు పరుస్తారు. ఇదంతా దూరం నుంచి చూస్తే సంతలాగే కనిపిస్తుంది. ఇందులో సారం ఎక్కడుందో తెలియాలంటే ముందు ట్యూనర్ చెవి చేసే పని ఏమిటో తెలియాలి.

తంబురా విన్న చెవికి ఆ చిక్కు తొందరగానే పట్టుబడుతుంది. మంద్ర షడ్జమం తీగ మీటి చెవి ఒగ్గితే అందులోంచి గాంధారం లీలగా పలుకుతుంది, మనవాళ్లు దాన్ని స్వయంభువు అన్నారు. తీగ ఐదు సమభాగాలుగా కంపించినప్పుడు పుట్టే అనుస్వరం అది. పియానో మీద వాయించే అంతర గాంధారం దానితో కలవదు, సుమారు 14 సెంట్లు ఎక్కువగా ఉంటుంది. పక్కపక్క రెండు మెట్ల మధ్య దూరాన్ని నూరు చేస్తే వచ్చే భాగమే సెంటు. పంచమమేమో దాదాపు 2 సెంట్లు తక్కువ. ఇది చేతగానితనం వల్ల వచ్చిన లోపం కాదు. పన్నెండు స్వరాల్లో దేన్నైనా షడ్జమంగా పెట్టుకుని వాయించే వీలుండాలంటే ఈ తేడాను అన్నిటికీ సమానంగా పంచక తప్పదు. ట్యూనర్ మొదటి పని ఈ పంపకమే. సెకనుకు 440 కంపనాల ఫోర్కుతో ఒక తీగను కలిపి, అక్కడి నుంచి మధ్య స్థాయిలోని మిగిలిన స్వరాలను ఒక్కొక్కటిగా కూర్చుకుంటూ వస్తాడు. అతనికి ఆధారం విస్పందనాలు, అంటే కలిసీ కలవని రెండు ధ్వనులు కలిసి మోగినప్పుడు వినిపించే ఊగు. మధ్య సి కింద ఉండే ఎఫ్‌ను, దాని పైనున్న ఎను కలిపి మోగిస్తే ఆ ఊగు సెకనుకు దాదాపు 7 సార్లు రావాలి. ఒక మెట్టు పైకి జరిగి ఎఫ్ షార్ప్, ఎ షార్ప్ జంటను మోగిస్తే 7.3. ఎ, సి షార్ప్ దగ్గరికి వచ్చేసరికి 8.7, సి షార్ప్, ఎఫ్ దగ్గర 11. ఇలాంటి గాంధారపు జంటలను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే ప్రతి జంట వేగమూ దాని కింది జంటతో 5కు 4 నిష్పత్తిలో ఉండాలి. పంచమాలు మహా నెమ్మది, ఎఫ్, సి జంట అయిదు సెకన్లలో మూడుసార్లు ఊగితే సరి. వీటిని గడియారం పెట్టి లెక్కించేవారు అరుదు. గాంధారాలను వరసగా మోగిస్తూ పోయి, వేగం ఎక్కడా కుదుపు లేకుండా పెరుగుతోందా లేదా అని వింటారు. ఒక్కచోట తడబడితే వెనక్కి వెళ్లి ఏ స్వరం తప్పిందో ఇంకో రెండు జంటల సాక్ష్యంతో తేలుస్తారు. ఒక స్వరాన్ని కదిపితే దానితో ముడిపడిన జంటలన్నీ కదులుతాయి కాబట్టి ప్రతి దిద్దుబాటూ మళ్లీ పరీక్షకు నిలబడాలి. శబ్దాన్ని శబ్దంతోనే రుజువు చేసే ఈ తర్కం నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా అందమైనదిగా తోస్తుంది.

అయితే పైన చెప్పిన అంకెలన్నీ ఊహలోని తీగకు చెందినవి. నిజమైన ఉక్కు తీగకు బిగువుతోపాటు బిరుసుదనం కూడా ఉంటుంది. అందువల్ల దాని అనుస్వరాలు రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు అని లెక్కగా కూర్చోవు, పైకి పోయేకొద్దీ ఒక్కింత ఎక్కువవుతూ పోతాయి. పై స్థాయి తీగ కింది తీగతో చక్కగా కలిసినట్టు వినిపించాలంటే దాన్ని కింది తీగ రెండో అనుస్వరంతో కలపాలి, అది అచ్చమైన రెట్టింపు కన్నా కొంచెం పైన ఉంటుంది. ఇలా సాగదీసుకుంటూ పోతే తార స్థాయి చివరి మెట్లు ముప్పై సెంట్ల దాకా పైకి, మంద్రం చివరి మెట్లు ఇంచుమించు అంత కిందికి జరగవచ్చు. 1938లో రెయిల్స్‌బ్యాక్ అనే పరిశోధకుడు శ్రుతి చేసిన పియానోలను కొలిచి ఈ సాగుదలను వంపు గీతగా చూపించాడు. ఆ వంపును ట్యూనర్లు ఎవరూ చెప్పకుండానే, చెవి అడిగింది కాబట్టి, అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఇస్తూ వచ్చారు. ఈ సాగుదల ఏ రెండు పియానోలకూ ఒకటి కాదు. తొమ్మిదడుగుల కచేరీ పియానోలో మంద్ర తీగలు పొడవుగా ఉంటాయి, బిరుసుదనం ప్రభావం తక్కువ. గోడకు ఆనించి పెట్టే చిన్న పియానోలో అవే తీగలు పొట్టిగా, లావుగా ఉంటాయి, వాటి అనుస్వరాలు బాగా పక్కకు తొలగుతాయి. అక్కడ రెండో అనుస్వరాన్ని కలిపితే నాలుగోది చెడుతుంది, ఆరోది కలిపితే రెండోది చెడుతుంది. ఏది ఎంత చెడితే చెవి ఓర్చుకుంటుందో ఎంచుకోవాలి. కనుక ఒక ఫలానా పియానోకు సరైన శ్రుతి ఏ పుస్తకంలోనూ అచ్చయి ఉండదు. అది ఆ పియానో ముందు కూర్చుని తీర్చుకోవలసిన వ్యవహారం.

పుస్తకంలో జవాబు లేని దానికి పరీక్ష పెట్టడం ఎలా? గిల్డ్ ఇచ్చిన పరిష్కారం ఈ మహాసభ గుండెకాయ అని నా నమ్మకం. గిల్డ్‌లో రిజిస్టర్డ్ పియానో టెక్నీషియన్ అనే హోదా పొందాలంటే మూడు పరీక్షలు దాటాలి. ఒకటి రాత పరీక్ష. రెండోది చేతిపని పరీక్ష: గ్రాండ్ పియానో యంత్రాంగాన్నీ నిలువు పియానో యంత్రాంగాన్నీ నమూనాల మీద సర్దడం, తీగ మార్చడం, విరిగిన సుత్తి కాడను సరిచేయడం వంటి మరమ్మతులు గడువు లోపల చేసి చూపించాలి. మూడోది శ్రుతి పరీక్ష. దీనికి అభ్యర్థి రాకముందే పరీక్షకుల బృందం ఒక పియానోను చెవితో శ్రుతి చేస్తుంది. ఒకరు ఒక స్వరం పెడితే ఇంకొకరు ఒప్పుకోరు, మూడోవారు వేరే జంట మోగించి తగవు తీరుస్తారు. అందరూ ఒప్పుకునేదాకా ఆ స్వరం కదులుతూనే ఉంటుంది. అలా గంటల తరబడి కుదిరిన శ్రుతిని యంత్రంతో కొలిచి అంకెలుగా రాసి పెట్టుకుంటారు. ఆ పియానోకు, ఆ గదిలో, అదే ప్రమాణం. తర్వాత పియానోను నిర్ణీత పద్ధతిలో చెడగొట్టి అభ్యర్థికి అప్పగిస్తారు. మధ్య రెండు స్థాయిలూ అతను యంత్రం సాయం లేకుండా చెవితోనే చేయాలి. పూర్తయ్యాక ప్రతి స్వరాన్నీ ప్రమాణంతో పోల్చి, హద్దు దాటిన చోటల్లా మార్కులు తీసేస్తారు. అన్ని భాగాల్లోనూ 80 శాతం తెచ్చుకోవాలి. ఇక్కడితో ఆగిపోతే ఇది యంత్రం వేసిన మార్కులే అయ్యేది. కానీ తర్వాత పరీక్షకులూ అభ్యర్థీ మళ్లీ పియానో దగ్గర కూర్చుంటారు. ఫలానా స్వరం తప్పని యంత్రం చెప్పింది, ఆ తప్పు చెవికి వినిపిస్తోందా? వినిపించేలా చూపించలేకపోతే ఆ తప్పు కొట్టేస్తారు. ప్రమాణాన్ని నిలిపింది మనుషులు, కొలిచింది యంత్రం, ఆఖరి మాట మళ్లీ మనుషులది. ఇంత నిజాయితీగా కట్టిన వృత్తి పరీక్షలు తక్కువ. ఒక్క గురువు మెప్పు మీద ఆధారపడితే అది ఆయన అభిరుచి అయ్యేది, ఒక్క యంత్రం మీద వదిలేస్తే దాన్ని తయారుచేసినవారి సూత్రం అయ్యేది. ముగ్గురు వాదించుకుని ఒప్పుకున్నది కాబట్టి ఇది వృత్తి మొత్తానికి చెందుతుంది.

చెవి తర్వాత చెయ్యి. ట్యూనింగ్ పిన్ను మేపుల్ పలకలు అతికించి చేసిన దిమ్మలో బిగుసుకుని ఉంటుంది. లివర్ తగిలించి తిప్పితే పిన్ను వెంటనే దిమ్మలో తిరగదు. ముందు తనలో తాను మెలిపడుతుంది, కొంత పక్కకు వంగుతుంది, ఆ తర్వాత గాని కింది కొస కదలదు. చెయ్యి తీయగానే మెలి విప్పుకుంటుంది, శ్రుతి జారుతుంది. తీగ సంగతీ అలాగే ఉంది. పిన్నుకూ తీగ మోగే భాగానికీ మధ్య ఆనికలున్నాయి, వాటి ఒరిపిడి వల్ల అటు బిగువు వేరు, ఇటు బిగువు వేరు. ఇప్పటికి సరిగ్గా పలికిన స్వరం, కళాకారుడు నాలుగుసార్లు గట్టిగా కొట్టగానే ఆ రెండు బిగువులూ సర్దుకుని పక్కకు పోతుంది. అందుకే ట్యూనర్ స్వరాన్ని కొంచెం పైకి తీసి, గట్టిగా మోగించి, మెలి ఎటు తిరగాలనుకుంటుందో చేతిలో గమనించి, పిన్ను కదలకుండా ఆగే చోట దించుతాడు. గిల్డ్ పరీక్షలో స్థిరత్వానికి ప్రత్యేకంగా మార్కులుండటం ఇందుకే: అభ్యర్థి చేసిన స్వరాల మీద పరీక్షకులు బలంగా దెబ్బలు వేసి, ఎంత జారిందో కొలుస్తారు. ఈ పని గురించి ఎంత రాసినా ఎన్ని వీడియోలు తీసినా అసలు సమాచారం మణికట్టులో ఉంటుంది. మహాసభలో గురువు శిష్యుడి చేతి మీద చెయ్యి వేసి, ఇప్పుడు పిన్ను తిరగలేదు, వంగింది మాత్రమే అని చెప్పే ఒక్క గంట పాఠం ఏళ్ల తరబడి ఒంటరిగా చేసిన తప్పును పట్టిస్తుంది. పుస్తకాలు చాలవా అని అడిగేవారికి నా సమాధానం ఇదే. పుస్తకాలు కావాలి, విలియం బ్రెయిడ్ వైట్ 1917లో వెలువరించిన గ్రంథం ఎన్ని తరాలకు పాఠ్యపుస్తకమైందో ఈ రంగంలో అందరికీ తెలుసు. కానీ ఆ పుస్తకం పాఠకుడి లివర్‌ను పట్టుకోలేదు.

మెట్టు నొక్కితే సుత్తి తీగను తాకేదాకా ఉన్న యంత్రాంగాన్ని సర్దడం మరో విద్య. మెట్టు సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి, సుత్తి తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండగా మీట దాన్ని వదిలేయాలి, ఆపైన అది తన ఊపుతోనే తీగను కొట్టి వెనక్కి రావాలి. ఇలాంటి సర్దుబాట్లు ఎన్నో, ఒక్కొక్కటీ 88 సార్లు. నేను ఇక్కడ వివరంగా చెప్పదలచుకున్నది ఒక్క సంగతే, ఎందుకంటే వృత్తిలో కొత్త జ్ఞానం ఎలా పుడుతుందో అందులో కనిపిస్తుంది. మెట్టు బరువుగా ఉంది అని కళాకారుడు ఫిర్యాదు చేస్తే, పూర్వం మెట్టు మీద గ్రాముల బరువులు పెట్టి, ఎంతకు దిగుతుందో చూసి, మెట్టు చెక్కలో సీసం బిళ్లలు కలిపో తీసో సరిచేసేవారు. డేవిడ్ స్టాన్‌వుడ్ అనే టెక్నీషియన్ 1990ల్లో గిల్డ్ పత్రికలో వేరే దారి చూపించాడు. మెట్టు ఎంత బరువుకు దిగుతుందో, ఎంత బరువును పైకి ఎత్తగలదో రెండూ కొలవాలి. 52 గ్రాములకు దిగి 24 గ్రాములను ఎత్తిందనుకుందాం. రెండిటి సగటు 38, అది నిజమైన తూకం. తేడాలో సగం 14, అది ఒరిపిడి. ఇంకో మెట్టు కూడా 52కే దిగుతుంది, కానీ 36 ఎత్తుతుంది. దానికి తూకం 44, ఒరిపిడి 8. వేలికి దిగేటప్పుడు రెండూ ఒకటే అనిపించినా జబ్బులు వేరు: మొదటిదానికి కీలు గుడ్డల బిగువు చూడాలి, రెండోదానికి సుత్తి బరువో మీట నిష్పత్తో చూడాలి. లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలిగినదే. ఆ లెక్క ఒక విశ్వవిద్యాలయంలో కాక, పియానో పనివారు తమలో తాము రాసుకుని చదువుకునే పత్రికలో బయటపడి, వారి తరగతి గదుల్లో నలిగి, మామూలు పనివాడి సంచిలోకి చేరింది. వింటూ, వాదిస్తూ, చేసి చూస్తూ ఉండే సమూహం ఒకటి లేకపోతే ఆయన ఒక ఊళ్లో ఒక చిట్కా తెలిసిన మనిషిగానే మిగిలిపోయేవాడు.

ఇప్పుడు బలమైన ఆక్షేపణకు వద్దాం. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే తీగల బిరుసుదనాన్ని తానే కొలిచి, 88 స్వరాలకూ ఎంత సాగదీయాలో తానే లెక్కగట్టి, సూది మధ్యకు వచ్చేదాకా తిప్పమంటోంది. ఇక ఈ చెవి విద్య పాతకాలపు మమకారమే కదా అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. యంత్రం అలిసిపోదు, గోలగా ఉన్న హాల్లో కూడా దారి తప్పదు, బాగా దిగజారిన పియానోను పైకి తేవడంలో చెవికన్నా వేగం. ఈ యంత్రాలను గిల్డ్ వెలివేయలేదు కూడా. అక్యూ-ట్యూనర్ అనే శ్రుతి యంత్రాన్ని రూపొందించిన ఆల్ శాండర్సన్ గిల్డ్ వేదికల మీద గౌరవం పొందిన మనిషే. 1990ల్లో గిల్డ్ వారి ముందే ఒక పోటీ జరిగింది. ఒక పియానోను వర్జిల్ స్మిత్ చెవితో, ఇంకోదాన్ని జిమ్ కోల్‌మన్ యంత్రంతో శ్రుతి చేశారు. విన్నవారంతా ఆ విద్యలో ఉన్నవారే, అయినా వారి మొగ్గు పూర్తిగా ఒక్క వైపుకు పోలేదు. దీన్ని యంత్రం గెలుపుగా చెప్పుకునేవారున్నారు. నాకు ఇంకోలా అనిపిస్తుంది. కోల్‌మన్ యంత్రాన్ని అంత బాగా వాడగలిగింది చెవి లేక కాదు, దశాబ్దాలుగా సాన పెట్టిన చెవి ఉండబట్టి. పైగా మెట్టుకు మూడు తీగలున్న చోట యంత్రం అంకె ఒక్కటే దారి చూపదు. 1959లో రోజర్ కర్క్ జరిపిన ప్రయోగంలో, మూడు తీగలను ఏమాత్రం తేడా లేకుండా కలిపినప్పటి కన్నా ఒకటి రెండు సెంట్ల తేడాతో ఉంచినప్పుడు విన్నవారు ఎక్కువ ఇష్టపడ్డారు. 1977లో గేబ్రియల్ వైన్‌రైక్ అనే భౌతికశాస్త్రవేత్త కారణం చూపించాడు: మూడు తీగలూ ఒకే వంతెన మీద ఆని ఉండటంతో ఒకదాని కదలిక ఇంకోదాన్ని మారుస్తుంది, వాటి మధ్య రవ్వంత తేడా ఉంటే స్వరం త్వరగా చావకుండా వెనక ఒక సన్నని మోత నిలుస్తుంది. ఆ రవ్వంత ఎంతో ప్రతి మెట్టుకూ విని తేల్చవలసిందే. అన్నిటికీ మించి, యాప్ వేసే సాగుదల వంపు మంచిదా చెడ్డదా అని చెప్పడానికి యాప్‌కు బయట ఒక ప్రమాణం ఉండాలి. ఆ యాప్‌లు రాసినవారు తమ లెక్కలను పోల్చి చూసుకునేది మంచి ట్యూనర్లు చెవితో చేసిన శ్రుతులతోనే.

రెండో ఆక్షేపణ డబ్బు గురించి. ప్రయాణం, హోటల్, రుసుము, పనిలేని రోజుల నష్టం, ఇవన్నీ కలిపితే చిన్న ఊళ్లో పనిచేసే ట్యూనర్‌కు మోయరాని ఖర్చే, అందులో సందేహం లేదు. ప్రదర్శన గదుల్లో అమ్మకాల ఒత్తిడి ఉంటుందన్నదీ నిజమే. గిల్డ్ అంటే లోపలివారు తలుపు మూసుకునే వ్యవస్థ అన్న అనుమానమూ పాతదే. ఈ ఆఖరి అనుమానం మాత్రం ఇక్కడ నిలవదు. అమెరికాలో పియానో శ్రుతి చేయడానికి లైసెన్సు అక్కర్లేదు, గిల్డ్ హోదా లేనివారు కూడా నిశ్చింతగా పని చేసుకుంటున్నారు. పరీక్ష ఇష్టమున్నవారికే. ఖర్చు విషయంలో నేను చెప్పగలిగింది చరిత్ర. 1909లో అమెరికా సుమారు 3,64,000 పియానోలు తయారుచేసింది, ఆ దేశంలో అదే శిఖరం. అప్పుడు ఫ్యాక్టరీలే బడులు. కుర్రాడు చేరి, పెద్దవారి పక్కన నిలబడి నేర్చుకునేవాడు. రేడియో, గ్రామఫోన్, ఆర్థిక మాంద్యం ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ ఫ్యాక్టరీల్లో చాలావాటిని మూయించాయి. ఇంకో బడి అంధులది. పారిస్ అంధుల పాఠశాలలో చదివిన క్లోడ్ మోంతాల్ ఈ పనిని తనంతట తాను నేర్చి, ఇతరులకు నేర్పి, 1836లో పుస్తకం రాశాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఐరోపాలోనూ అమెరికాలోనూ చూపులేనివారికి ఇది గౌరవమైన బతుకుతెరువయింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ పట్టణంలో ఎమిల్ ఫ్రీస్ 1949లో అలాంటి పాఠశాలను స్థాపించాడు, అదీ ఇప్పుడు లేదు. బోస్టన్‌లోని నార్త్ బెనెట్ స్ట్రీట్ స్కూల్ వంటివి మిగిలాయి గానీ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఫ్యాక్టరీ పోయి, బడులు తగ్గి, పియానోలు మాత్రం లక్షల్లో ఇళ్లలో ఉండిపోయిన పరిస్థితిలో, నేర్చుకునే చోటు ఏడాదికి కొన్నాళ్లు వెలిసే ఈ హోటల్ గదులే అయ్యాయి. ఆ లెక్కన చూస్తే రుసుము ఒక బడి రుసుమే. దాన్ని పేద ట్యూనర్‌కు అందుబాటులోకి తెచ్చే ఉపకారవేతనాలు ఇంకా పెరగాలన్నది వేరే మాట, న్యాయమైన మాట.

మిగతా దేశాలు తమ దారులు తాము వెతుక్కున్నాయి. బ్రిటన్‌లో ట్యూనర్ల సంఘం 1913 నాటిది. జపాన్ ఇంకొంచెం ముందుకు వెళ్లి 2011 నుంచి పియానో శ్రుతికి ప్రభుత్వ గుర్తింపు ఉన్న నైపుణ్య పరీక్ష నడుపుతోంది. నత్సు మియాషిటా అనే రచయిత్రి ఒక కుర్ర ట్యూనర్ శిక్షణ గురించి రాసిన నవలకు అక్కడి పుస్తక విక్రేతలు 2016లో తమ బహుమతి ఇచ్చారంటే ఆ సమాజంలో ఈ పనికి ఉన్న చోటు అర్థమవుతుంది. మన దగ్గర పియానో సినిమా పాటల్లో వినిపించినంతగా ఇళ్లలో కనిపించదు. చెన్నైలో మ్యూసీ మ్యూజికల్ 1842 నుంచి ఉన్నా తెలుగు ఊళ్లలో పియానో నేర్చుకునే పిల్లల్లో చాలామంది శ్రుతి అవసరం లేని డిజిటల్ వాద్యం మీదే సాధన చేస్తారు. అసలు పియానో ఉన్నచోట కోస్తా తేమ దానికి పెద్ద పరీక్ష. వానాకాలంలో స్ప్రూస్ చెక్క ఉబ్బి ధ్వని పలక పైకి లేస్తుంది, శ్రుతి పెరుగుతుంది, కీళ్ల గుడ్డ బిగుసుకుని మెట్లు మొరాయిస్తాయి. అయితే తెలుగువారికి ఈ వ్యవహారంతో ఉన్న అసలు సంబంధం పియానో ద్వారా కాదు, వీణ ద్వారా ఉందని నాకనిపిస్తుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస దుంగ నుంచి వీణ చెక్కాక, మసి కలిపిన మైనం మీద 24 మెట్లను ఒక్కొక్కటిగా కూర్చి మేళం కడతారు. ఏ మెట్టు ఎక్కడ నిలవాలో చెప్పేది కొలబద్ద కాదు, కట్టేవారి చెవి. వేసవి వేడికి మైనం మెత్తబడితే మళ్లీ కట్టాలి. ఇది కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వస్తున్న విద్య. తంజావూరు పనివారు, మైసూరు పనివారు, బొబ్బిలి పనివారు ఒక వీణ ముందు కూర్చుని, ఈ అంతర గాంధారపు మెట్టు ఒక వెంట్రుకవాసి వెనక్కి ఉండాలని వాదించుకుని, అందరూ ఒప్పుకున్న మేళాన్ని కొలిచి రాసి పెట్టుకోగలిగితే ఎంత విలువైన పని అవుతుందో పియానో వారి శ్రుతి పరీక్షను చూసి ఊహించవచ్చు. కుటుంబ విద్యకు అది పోటీ కాదు. కుటుంబం ఆ పని మానుకున్న రోజున మిగిలేది అదొక్కటే.

చివరిగా, గిల్డ్ లోపలే ఎప్పటికప్పుడు తలెత్తే ఒక వాదం ఉంది. ఇప్పుడు పనిచేసేవారిలో ఎందరో యంత్రంతోనే శ్రుతి చేస్తున్నప్పుడు పరీక్షలో మధ్య రెండు స్థాయిలు చెవితోనే చేయాలన్న నియమం దేనికి అని. ఆ నియమం సడలిస్తే హోదా తెచ్చుకునేవారు పెరుగుతారు, సంఘం బలపడుతుంది అంటారు. వారి ఉద్దేశం మంచిదే, యంత్రంతో చక్కగా పనిచేసే ట్యూనర్‌ను పనికిరానివాడని ఎవరూ అనకూడదు. కానీ ప్రమాణ శ్రుతిని నిలబెట్టే పరీక్షకుల బృందం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. ఈ ఏడాది పరీక్షకు కూర్చున్నవారిలోంచే పదేళ్ల తర్వాత ఆ ముగ్గురు రావాలి. ఒకరు పెట్టిన స్వరం సరికాదని రెండోవారు అనగలగాలి, ఎందుకు కాదో ఇంకో జంట మోగించి మూడోవారు చూపించగలగాలి. చెవితో చేయడం అలవాటు లేని ముగ్గురు ఒక గదిలో కూర్చుంటే వాదించుకోవడానికి ఏమీ ఉండదు. ముగ్గురూ తెర మీది సూదిని చూస్తారు, మూడు యాప్‌లు మూడు అంకెలు చూపిస్తే ఏది నమ్మాలో తేల్చలేరు. యంత్రం వేసిన తప్పును కొట్టేసే అధికారం నియమాల్లో రాసి ఉన్నా, దాన్ని వాడగలిగినవారు ఉండరు. అందుకే ఆ రెండు స్థాయిల నియమాన్ని సడలించడం కన్నా, దాన్ని దాటడానికి కావలసిన ఒంటి పాఠాలను మహాసభలోనూ ప్రాంతీయ సభల్లోనూ రెట్టింపు చేయడం మేలు.